పైకప్పు లేని ఎగిరే బండి: రోల్‌ప్లేయింగ్ గేమ్ కోసం ఎలా డిజైన్ చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సొంతంగా రాసుకుంటున్న సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా డైస్ వేస్తూ ఆడే కథలో, నలుగురు ప్లేయర్లకు యాంటీ గ్రావిటీతో (గురుత్వాకర్షణను రద్దు చేసే యంత్రంతో) ఎగిరే ఓపెన్ టాప్ బండి ఇచ్చారు. మీ గ్రహం మీద గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో 0.8 వంతు, గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు. బండి స్పీడు గంటకు 400 కి.మీ. అని రాసుకున్నారు. మొదటి సెషన్‌లోనే ఒక ప్లేయర్ "ఇంత టెక్నాలజీ ఉన్నవాళ్లు పైకప్పు ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు. ఇంకొకరు "ఫోర్స్ ఫీల్డ్ పెట్టేస్తే సరిపోతుంది కదా" అన్నారు. ఇప్పుడు పైకప్పు వేయాలా, ఫీల్డ్ ఇవ్వాలా, అంకెలు ఎలా వేసుకోవాలి, ఈ బండితో ఆర్బిట్‌కు వెళ్లొచ్చా అన్నది మీ సందేహం.

నా సలహా: పైకప్పు వేయకండి, ఫీల్డ్ ఇవ్వకండి, స్పీడు తగ్గించండి. ఎంత తగ్గించాలో, ఎందుకో వివరంగా రాస్తాను. చాలా ఏళ్లుగా ఇలాంటి ఆటలు నడుపుతున్నాను, ఇలాంటి బళ్లు చాలానే గీశాను. ఓపెన్ టాప్ బండి ఏ కథలో ఎప్పుడు దిగినా ఆట ఊపందుకోవడం చూశాను. అందుకే దాన్ని మీరు వదులుకోకూడదని నా పట్టుదల.

మూసి ఉన్న బండిలో నలుగురు కూర్చుంటే ఆడేది ఒక్కరే. పైలట్ డైస్ వేస్తుంటే మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు. అదే పైకప్పు తీసేస్తే ఒకరు అంచు మీద నుంచి వంగి కింద అడుగుజాడలు చూడగలరు, ఒకరు తాడు విసరగలరు, ఒకరు పక్క బండి మీదికి దూకాలా వద్దా అని ఆలోచించగలరు. వానొస్తే నలుగురూ తడుస్తారు. బయటి ప్రపంచం నేరుగా నలుగురికీ తగులుతుంది కాబట్టి నలుగురికీ చేయడానికి పని ఉంటుంది. మీరు వేసే ప్రతి అంకె ఈ ఒక్క గుణాన్ని కాపాడాలి. 400 స్పీడు దీన్ని చంపేస్తుంది. ఫోర్స్ ఫీల్డ్ కూడా చంపేస్తుంది, ఎందుకంటే అది కంటికి కనిపించని పైకప్పే.

ఈ విషయాన్ని అందరికన్నా ముందు సరిగ్గా పట్టుకున్నది ట్రావెలర్. 1977లో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ విడుదల చేసిన ఆ గేమ్‌లో ఎయిర్‌రాఫ్ట్ అని ఒక బండి ఉంది. నలుగురు మనుషులు, నాలుగు టన్నుల సరుకు, గంటకు 100 కి.మీ. స్పీడు, కొన్ని మాత్రం 120 దాకా వెళ్తాయి. గాలికి బాగా కొట్టుకుపోతుందని కూడా అందులోనే రాశారు. నక్షత్రాల మధ్య తిరిగే ఓడలున్న కాలంలో బండి స్పీడు 100 ఏమిటి అని కొత్తగా ఆడేవాళ్లు ఆశ్చర్యపోతారు. కానీ కప్పు లేని బండికి 100 చాలా సరైన అంకె. లెక్క వేస్తే తెలుస్తుంది.

గాలి తోపు స్పీడుకు వర్గంలో పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే తోపు నాలుగింతలు. నడుము పైభాగం గాలికి ఎదురుగా ఉన్న మనిషిని తీసుకోండి. భూమి మీద సముద్రమట్టం దగ్గర గంటకు 60 కి.మీ. దగ్గర అతని మీద పడే తోపు సుమారు 9 కిలోల బరువుకు సమానం. 100 దగ్గర 24 కిలోలు. 150 దగ్గర 54. 200 దగ్గర 96. ఆ చివరి అంకె మీద కాస్త ఆగండి. విమానంలోంచి దూకి, పారాచూట్ విప్పక ముందు బోర్లా పడిపోతున్న మనిషి వేగం సుమారు 190 నుంచి 200 కి.మీ. మధ్య నిలకడగా ఉండిపోతుంది, ఎందుకంటే ఆ వేగం దగ్గర గాలి అతని మొత్తం బరువును మోస్తుంది. అంటే 200 స్పీడులో వెళ్తున్న బండిలో లేచి నిలబడటమంటే తన బరువంత తోపును ఛాతీ మీద తీసుకోవడం. 400 దగ్గర అది 380 కిలోలు దాటుతుంది. మీ గ్రహం మీద గాలి ఒకటిన్నర రెట్లు చిక్కగా ఉంటుంది కాబట్టి దాదాపు 580 కిలోలు. ఆ స్పీడులో చెయ్యి బయట పెడితే భుజం జారుతుంది.

మీ గ్రహానికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ 70 కిలోల మనిషి కాళ్ల మీద పడే బరువు 56 కిలోలంతే. నేలను పట్టుకునే పట్టు బరువును బట్టే ఉంటుంది. మామూలు బూట్లు, మామూలు ఇనుప నేల అనుకుంటే సుమారు 34 కిలోల తోపుకే కాళ్లు జారడం మొదలవుతుంది. మీ గాలిలో 100 స్పీడు దగ్గర తోపు 36 కిలోలు. అంటే పట్టుకోకుండా నిలబడినవాడు సరిగ్గా 100 దగ్గరే వెనక్కి జారిపోతాడు. ఇలాంటి అంకె దొరికితే జీఎంకు (ఆట నడిపే గేమ్ మాస్టర్‌కు) అంతకన్నా కావాల్సిందేముంది? దాన్ని నేరుగా రూల్‌గా రాసేయండి.

"పాత విమానాలు కప్పు లేకుండానే అంతకన్నా వేగంగా వెళ్లాయి కదా" అని మీ ప్లేయర్లలో ఎవరైనా అంటారు. నిజమే. 1930లలో చాలా యుద్ధ విమానాలకు కాక్‌పిట్ మీద కప్పు ఉండేది కాదు. ఇటలీ వాళ్ల ఫియట్ జీ.50కి మొదట మూసే కప్పు పెడితే పైలట్లు ఒప్పుకోలేదు, తర్వాత వచ్చినవాటికి తీసేశారు. అది గంటకు 470 కి.మీ. దాకా వెళ్లేది. సోవియట్ ఐ-16కు కూడా మొదట్లో ముందుకు జరిగే కప్పు ఉండేది, దాన్నీ పైలట్లు ఇష్టపడలేదు, తర్వాతి మోడళ్లలో అద్దం మాత్రమే మిగిలింది. బయటికి స్పష్టంగా కనబడాలి, ప్రమాదమొస్తే వెంటనే దూకాలి అన్నది వాళ్ల వాదన. మీ మొదటి ప్లేయర్ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది: టెక్నాలజీ చేతకాక కాదు, మనుషులే వద్దన్నారు. కానీ ఆ విమానాల్లో పైలట్ ఒక్కడే ఇరుకు గుంటలో భుజాల దాకా దిగి, చిన్న అద్దం వెనక తల దాచుకుని కూర్చునేవాడు. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటూ, లేస్తూ, తుపాకీ పేలుస్తూ ఉండే బండి కాదది.

అందుకే నేను ఓపెన్ టాప్ బళ్లను రెండు రకాలుగా చూస్తాను. ఒకటి తొట్టి, రెండోది బల్లకట్టు. తొట్టిలో సీట్లు లోపలికి దిగి ఉంటాయి, పక్క గోడలు భుజాల ఎత్తు ఉంటాయి, ముందు అద్దం ఉంటుంది. బల్లకట్టులో చదునైన నేల, చుట్టూ మోకాలెత్తు అంచు, పట్టుకోవడానికి ఇనుప కమ్ములు, అంతే. తొట్టి 150 దాకా హాయిగా వెళ్తుంది, బిగపట్టుకుని కూర్చుంటే 200. బల్లకట్టు 60 దాటకూడదు. మీ బండి ఏ రకమో ముందు తేల్చుకోండి, ఎందుకంటే మిగతా అంకెలన్నీ దీన్ని బట్టే మారతాయి. రెండూ కలిపి ఒకటే బండిగా చేయాలని మాత్రం చూడొద్దు.

తొట్టి గురించి ఒక చిన్న వివరం చెప్తాను, ఇది ఆటలో చాలా పనికొస్తుంది. అద్దం వెనక కూర్చున్నవాళ్లకు గాలి ముందు నుంచి రాదు, వెనక నుంచి వస్తుంది. అద్దం మీదుగా ఎగిరి వెళ్లిన గాలి వెనక సీటు దగ్గర సుడి తిరిగి ముందుకు మళ్లుతుంది. కప్పు తీసిన కారులో వేగంగా వెళ్లేటప్పుడు జుట్టు ముఖం మీదికి వచ్చి పడేది ఇందుకే. కాబట్టి పైలట్ ఒళ్లో పెట్టుకున్న మ్యాపు ముందుకు లేచి అద్దానికి అతుక్కుంటుంది. వెనక సీట్లో వాళ్లకు పైలట్ కన్నా ఎక్కువ గాలి, ఎక్కువ దుమ్ము, ఎక్కువ చలి. నా టేబుల్ దగ్గర ఎవరు ఎక్కడ కూర్చుంటారో ప్రతి ప్రయాణానికి ముందు అడుగుతాను. ఈ ఒక్క సంగతి తెలిశాక వెనక సీటు తప్పించుకోవడానికి ప్లేయర్లు బేరాలాడుకోవడం మొదలుపెడతారు.

మాట వినపడటం ఇంకో సంగతి. జాతీయ రహదారి మీద బైకు 100లో వెళ్తుంటే వెనకున్నవాళ్లతో మాట్లాడి చూడండి, అంతే ఉంటుంది. 40 లోపు మామూలు మాట, 40 నుంచి 80 దాకా అరుపు, ఆపైన హెడ్‌సెట్ లేకపోతే సైగలే. శత్రువులు రేడియోను జామ్ చేశారంటే మీ నలుగురు ప్లేయర్లు నిజంగా టేబుల్ దగ్గర నోరు మూసుకుని చేతులతో చెప్పుకోవాలి. ఈ రూల్ పెట్టి చూడండి.

ఇక ఎత్తు. భూమి మీద కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. కింద 15 డిగ్రీలుంటే 3 కి.మీ. ఎత్తులో మైనస్ 4 లేదా 5. గాలి వేగం దీనికి తోడవుతుంది: సున్నా డిగ్రీల గాలి 100 స్పీడులో తగిలితే ఒంటికి మైనస్ 11లా ఉంటుంది. చలికి ముందు పోయేది చేతివేళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ 588వ రాత్రి బాంబర్ రెజిమెంట్ అమ్మాయిలు నడిపిన పో-2 విమానాలు మీ బండికి చరిత్రలో దొరికే అతి దగ్గరి బంధువులు. కర్ర, గుడ్డతో చేసిన రెండు రెక్కల విమానం, ఇద్దరు మనుషులు, కప్పు లేదు, గరిష్ఠ వేగం సుమారు 150. రష్యా చలికాలం రాత్రుల్లో అలాగే ఎగిరారు. లక్ష్యం దగ్గర పడగానే ఇంజిన్ తగ్గించి గాలిలో జారుకుంటూ వచ్చేవారు, కింద జర్మన్ సైనికులకు రెక్కల తీగల మధ్య గాలి ఈల మాత్రమే వినిపించేది. వాళ్లను రాత్రి మంత్రగత్తెలని ఆ సైనికులే పిలిచారు. యుద్ధంలో చాలాకాలం పారాచూట్లు కూడా తీసుకెళ్లలేదు, ఆ బరువుకు బదులు బాంబులు మోశారు. 100 స్పీడు బండితో కథ నడవదనేవాళ్లకు ఆ రెజిమెంట్ గురించి చెప్పండి.

ఊపిరి సంగతికొస్తే, అమెరికా విమానయాన నియమాల ప్రకారం ఒత్తిడి నింపని విమానం 14,000 అడుగులు, అంటే సుమారు 4.3 కి.మీ. దాటి ఎగిరితే సిబ్బంది అంతసేపూ ఆక్సిజన్ వాడాల్సిందే. 25,000 అడుగుల దగ్గర ఆక్సిజన్ ఆగిపోతే తెలివిగా పనిచేయగలిగేది 3 నుంచి 5 నిమిషాలే. 40,000 దగ్గర 15, 20 సెకన్లు. ఇంకా పైకి, సుమారు 19 కి.మీ. దగ్గర, గాలి ఒత్తిడి ఎంత పడిపోతుందంటే 37 డిగ్రీల దగ్గరే నీళ్లు మరుగుతాయి. అక్కడి నుంచి మాస్కు చాలదు, ఒంటి చుట్టూ ఒత్తిడి నిలిపే ప్రెజర్ సూట్ కావాలి.

మీ గ్రహంలో ఇది అందంగా మారుతుంది. గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి గాలి పైకి ఎక్కువగా సాగి ఉంటుంది, ఎత్తుతో పాటు పలచబడటం నెమ్మదిగా జరుగుతుంది. కింద ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో మొదలవుతోంది కూడా. లెక్క వేస్తే భూమి మీద 4.3 కి.మీ. దగ్గర ఉండే ఒత్తిడి మీ దగ్గర సుమారు 9 కి.మీ. పైన వస్తుంది. కానీ అక్కడికి చేరేసరికి, కిలోమీటరుకు 5 డిగ్రీల చొప్పున పడినా 45 డిగ్రీలు తగ్గిపోయి ఉంటుంది. అంటే మీ ప్లేయర్లను ఆపేది ఊపిరి కాదు, చలి. కింద లోయల్లో హాయిగా ఎగరొచ్చు, ఎత్తైన పీఠభూమి మీది ఊరికి వెళ్లాలంటే మాత్రం వేడి సూట్లకు బ్యాటరీలు కావాలి. ఎవరి బ్యాటరీ ముందు అయిపోతుందన్నది ఒక పూర్తి సెషన్‌కు సరిపడా కథ.

మలుపుల గురించి చాలామంది జీఎంలు ఆలోచించరు, మీరు ఆలోచించండి. బండి మలుపులో పక్కకు ఒరుగుతుందా, చదునుగానే తిరుగుతుందా? గంటకు 100 కి.మీ. వేగంలో 100 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే మనుషుల మీద పక్కకు పడే తోపు భూమి గురుత్వాకర్షణలో 0.8 వంతు. చదునుగా తిరిగే బల్లకట్టు మీద ఉన్నవాళ్లంతా అంచు దాటి వెళ్లిపోతారు. అదే బండి భూమి మీదైతే 38 డిగ్రీలు, మీ గ్రహం మీదైతే 45 డిగ్రీలు ఒరిగితే ఆ తోపు మొత్తం సీటు కిందికే వస్తుంది, గ్లాసులో నీళ్లు కూడా ఒలకవు. కాబట్టి నేర్పున్న పైలట్ ఒరిగి తిరుగుతాడు, భయపడ్డ పైలట్ చదునుగా తిప్పుతాడు. పైలట్ డైస్‌లో ఓడిపోతే బండి కూలిపోయిందని చెప్పకండి, మలుపు చదునుగా తిరిగిందని చెప్పండి. అప్పుడు మిగతా ముగ్గురూ పట్టుకోవడానికి డైస్ వేయాలి. పైలట్ తప్పు అందరి సమస్య అవుతుంది.

యాంటీ గ్రావిటీ బండి శరీరానికి మాత్రమే పనిచేస్తుందా, లోపలి మనుషులకు కూడానా అన్నది కూడా మొదటే రాసి పెట్టుకోండి. మనుషులకు కూడా పనిచేస్తే వాళ్లకు బరువుండదు, చిన్న కుదుపుకే తేలిపోతారు. బండికి మాత్రమే అని పెట్టుకోవడం మేలు.

పడిపోవడం. మీ గ్రహం మీద 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి చేరడానికి 5 సెకన్లకు కొంచెం పైనే పడుతుంది. మీ రౌండ్ (ప్రతి ప్లేయర్‌కూ ఒక వంతు వచ్చే ఆట సమయం) 6 సెకన్లైతే అంచు దాటినవాడికి మిగిలేది ఒకే ఒక్క పని. చిక్కటి గాలి, తక్కువ గురుత్వాకర్షణ కలిసి బోర్లా పడే మనిషి గరిష్ఠ వేగాన్ని సుమారు 140కి తగ్గిస్తాయి. నేలకు తగిలితే బతకడు, కానీ పైలట్ ముక్కు కిందికి దించి అందుకోగలిగే వేగమది. 400 స్పీడు బండి కన్నా 150 స్పీడు బండితోనే ఈ సన్నివేశం ఉత్కంఠగా ఉంటుంది, ఎందుకంటే అందుతుందో లేదో డైస్ వేసేదాకా తెలియదు. 1968 మే 6న నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ హ్యూస్టన్ దగ్గర చంద్రుడి మీద దిగడం ప్రాక్టీసు చేసే ఎగిరే యంత్రం నుంచి సుమారు 60 మీటర్ల ఎత్తులో సీటుతో సహా బయటికి ఎగిరి బతికాడు. బరువులో ఆరింట ఐదు వంతులు జెట్ ఇంజినే మోసేలా చేసిన యంత్రమది. 60 మీటర్లంటే రాయిలా పడితే మూడున్నర సెకన్లు. అలాంటి సీటు మీ బండికి అమర్చొచ్చు, కానీ ఒక్క సీటుకే ఇవ్వండి. ఆ సీటు ఎవరిదో వాళ్లే తేల్చుకోనివ్వండి.

బెల్టుల బదులు నడుముకు కట్టుకునే పట్టీ, దానికో కొక్కెం, నేలలో కొక్కెం తగిలించే రింగులు పెట్టండి. హెలికాప్టర్ తలుపు దగ్గర తుపాకీతో ఉండే సైనికులు ఇలాంటి పట్టీతోనే బయటికి వంగుతారు. ఎంహెచ్-6 లిటిల్ బర్డ్ హెలికాప్టర్‌కైతే రెండు పక్కలా బయటే బల్లలుంటాయి, సైనికులు కాళ్లు గాలిలో వేలాడేసి వాటి మీద కూర్చుంటారు, దిగాల్సిన చోట క్షణాల్లో దిగిపోతారు. కప్పు లేకపోవడానికి కథలో ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు: ఎక్కడం, దిగడం, సరుకు వేయడం, దించడం అన్నీ వేగంగా జరుగుతాయి. పట్టీ కట్టుకున్నవాడు పడిపోడు. కానీ పక్క సీటుకు కూడా వెళ్లలేడు, విప్పుకోవడానికి ఒక పని ఖర్చవుతుంది. ఈ బేరం ప్రతి రౌండ్‌లో వస్తుంది.

పోరాటంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, పైన ఉన్నవాడిదే పైచేయి. బండి అడుగు గట్టి ఇనుము, కింద నుంచి వచ్చే గుళ్లను ఆపుతుంది, కానీ మీవాళ్లు కూడా ఆ అడుగులోంచి కిందికి కాల్చలేరు, అంచు మీదికి రావాలి. పైనుంచి వచ్చేదాన్ని ఏదీ ఆపదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఎం10 ట్యాంకు వేట వాహనానికి తుపాకీ బురుజు మీద కప్పు ఉండేది కాదు. చుట్టూ బాగా కనబడేది, బరువు తగ్గేది. కానీ అడవిలో చెట్ల కొమ్మలకు తగిలి పేలిన గుళ్ల ముక్కలు సూటిగా లోపల పడేవి. కాబట్టి మీ ఆటలో ఎత్తు కోసం పోటీ పెట్టండి. ఎవరు పైకెళ్తే వాళ్లకు లాభం, పైకెళ్లిన కొద్దీ చలి. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటే మీరు వేరే రూల్స్ ఏవీ రాయనక్కర్లేదు.

వేరే లోకాలకు ఇదే బండిని తీసుకెళ్తారేమో, అందుకని కొన్ని అంకెలు. అంగారకుడి మీద గాలి ఎంత పలచన అంటే 100 స్పీడు అక్కడ మనకు గంటకు 13 కి.మీ. పిల్లగాలిలా తగులుతుంది. అక్కడ బండికి అద్దమే అక్కర్లేదు, సూట్ ఎలాగూ ఉంటుంది, 400 కూడా పర్వాలేదు. శని ఉపగ్రహం టైటన్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: గాలి మనకన్నా నాలుగింతలకు పైగా చిక్కన, మైనస్ 179 డిగ్రీలు, 100 స్పీడు 210లా తగులుతుంది. టైటన్ మీద బల్లకట్టు 30 దాటకూడదు. శుక్రుడి మీద 55 కి.మీ. ఎత్తులో ఒత్తిడి భూమిలో సుమారు సగం, ఉష్ణోగ్రత 27 డిగ్రీల దగ్గర. ప్రెజర్ సూట్ లేకుండా మాస్కు, యాసిడ్ తగలని బట్టలతో ఓపెన్ టాప్‌లో తిరగగలిగే చోటు అది. మబ్బులు సల్ఫ్యూరిక్ యాసిడ్. ఆ ఒక్కచోట క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే పెద్ద కథ) మొత్తం నడపాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

చంద్రుడి లాంటి చోటైతే అమెరికా వ్యోమగాములు అక్కడ నడిపిన అపోలో రోవర్ చూడండి. 1971లో అపోలో 15తో మొదటిసారి వెళ్లింది. 210 కిలోల బండి, 490 కిలోలు మోసేది, పైన ఏమీ లేదు. దాంతో వెళ్లినవాళ్లకు ఒక గట్టి నియమం ఉండేది: బండి చెడిపోతే ఆక్సిజన్ అయిపోయేలోగా ల్యాండర్ (చంద్రుడి మీద దిగిన నౌక) దాకా నడిచి వెనక్కి రాగలిగినంత దూరమే వెళ్లాలి. ఈ నియమాన్ని మీ ఆటలోకి అలాగే తెచ్చుకోండి. ప్లేయర్లు దాన్ని దాటాలనుకున్న రోజు వాళ్ల ముఖాలు చూడాలి. అపోలో 17లో వ్యోమగామి జీన్ సెర్నన్ సుత్తి తగిలి చక్రం మీది మడ్‌గార్డు విరిగింది, దుమ్మంతా లేచి వాళ్ల మీదే పడింది. మ్యాపు కాగితాలు టేపుతో అంటించి, క్లాంపులతో బిగించి కొత్త మడ్‌గార్డు చేసుకున్నారు. ఓపెన్ బండిలో చిన్న రేకు ముక్క విరిగినా అది సిబ్బంది సమస్య అవుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. బండికి దెబ్బ తగిలినప్పుడు పాయింట్లు తగ్గించి వదిలేయకుండా అద్దం పగిలిందా, అంచు కమ్మి ఊడిందా, సీటు రింగు తెగిందా అని చెప్పండి.

ఆర్బిట్ ప్రశ్న. ట్రావెలర్‌లో ప్రతి గ్రహానికీ సైజును బట్టి ఒక అంకె ఉంటుంది; ఎయిర్‌రాఫ్ట్ ఆర్బిట్‌కు, అంటే గ్రహం చుట్టూ తిరిగే కక్ష్యకు, చేరడానికి ఆ అంకె ఎంతో అన్ని గంటలు పడుతుంది, సూట్లు తప్పనిసరి. భూమి సైజు 8, కాబట్టి 8 గంటలు. 100 స్పీడు బండి ఆర్బిట్‌కేమిటి అని దీన్ని చాలామంది కొట్టిపారేస్తారు. లెక్క వేసి చూడండి. భూమి చుట్టూ తక్కువ ఎత్తులో తిరగడానికి సెకనుకు 7.8 కి.మీ. వేగం కావాలి. 8 గంటలంటే 28,800 సెకన్లు. బరువును యాంటీ గ్రావిటీ చూసుకుంటే, గాలి దాటాక పక్కకు సెకనుకు సెకనుకు 0.27 మీటర్ల చొప్పున వేగం పెంచుకుంటూ పోతే చాలు, ఇది గురుత్వాకర్షణలో మూడు శాతం కూడా కాదు. స్పీడు పరిమితి గాలి ఉన్నంతవరకే. పైన గాలి లేదు కాబట్టి కప్పు లేకపోయినా ఏమీ తగలదు. కానీ దిగేటప్పుడు ఆ వేగమంతా అంతే ఓపిగ్గా తగ్గించుకుని రావాలి, తొందరపడి గాలిలోకి దిగితే మంటలే. ఇక సూట్‌లో ఊపిరి: అపోలో 17 సిబ్బంది రెండోసారి బయటికి వెళ్లినప్పుడు 7 గంటల 37 నిమిషాలు ఉన్నారు, అప్పటి సూట్లకు అదే దాదాపు హద్దు. 8 గంటల ప్రయాణం దానికి కొంచెం అవతల ఉంది. అదనపు సిలిండర్లు తీసుకెళ్లారా, మార్చుకోవడం వచ్చా అన్నదే ఆ సెషన్. మీ గ్రహానికి 6 గంటలు పెట్టండి.

ఫోర్స్ ఫీల్డ్ అడిగిన ప్లేయర్‌కు ఉత్త చేతులు చూపించడం బాగుండదు, ఏదో ఒకటి ఇవ్వాలి. టార్పాలిన్ ఇవ్వండి. మడతపెట్టి వెనక పెట్టుకునేది, కమ్ముల మీద లాగి కట్టుకునేది. వానాకాలం సెషన్లలో దాని విలువ వాళ్లకే తెలుస్తుంది. వాన చినుకు భూమి మీద సెకనుకు 9 మీటర్ల దాకా వేగంతో పడుతుంది. బండి 100లో వెళ్తుంటే అదే చినుకు 28, 29 మీటర్ల వేగంతో ముఖానికి తగులుతుంది, కళ్లు తెరవలేరు. ఆగి ఉన్న బండిలోనూ రాత్రంతా వాన పడితే తొట్టిలో నీళ్లు నిలుస్తాయి, కాబట్టి నేలలో బిరడాలున్న రంధ్రాలు ఉండాలి. బండి అడుగున ఆ రంధ్రాలు ఉన్నాయని చెప్పిన రోజే నా టేబుల్ దగ్గర ఒకరు వాటిలోంచి తాడు దించి కింద గోదాములో జరిగేది కెమెరాతో చూశారు. ఇలాంటి చిన్న భాగాలు గీసి ఉంచితే ప్లేయర్లు వాటితో ఏం చేస్తారో మీరు ఊహించలేరు.

మీ బండికి నేనైతే ఇలా రాస్తాను. తొట్టి రకం, నలుగురు, ఒక టన్ను సరుకు. మామూలు వేగం 90, గట్టిగా తోస్తే 140, ఆ వేగంలో సీట్లోంచి లేచినవాళ్లు ప్రతి రౌండ్ పట్టుకోవడానికి డైస్ వేయాలి. మామూలు బట్టలతో 3 కి.మీ. ఎత్తు దాకా, వేడి సూట్లతో 9 దాకా, ఆపైన మాస్కు, ఇంకా పైకైతే ప్రెజర్ సూట్. సూట్లతో ఎక్కితే సీట్లు నలుగురికి చాలవు, ముగ్గురే, నాలుగోవాళ్లు సరుకు మీద పట్టీతో కూర్చోవాలి. నేలలో ఆరు రింగులు, నాలుగు నీటి రంధ్రాలు, ముందు అద్దం ఒకటి, వెనక దీపం ఒకటి. శబ్దం లేదు, కాబట్టి రాత్రిపూట 30 లోపు వెళ్తే కిందివాళ్లకు గాలి ఈల మాత్రమే వినిపిస్తుంది, వినాలంటే వాళ్లు డైస్ వేయాలి. టార్పాలిన్ వేసి 40 దాటితే చిరుగుతుంది. కొత్తది కొనాలంటే పట్నానికే వెళ్లాలి, పల్లెల్లో దొరకదు.